ఈ నోట్సును మళ్లీ ఎప్పుడు తెరుస్తారు?

ప్రశ్న: డిగ్రీ అయ్యాక హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ తీసుకుని, ఇప్పుడు ఇంటి దగ్గరే ఉండి గ్రూప్-1, గ్రూప్-2 రెండింటికీ చదువుతున్నాను. క్లాసు నోట్సు, జిరాక్సు నోట్సు, పుస్తకాల్లోంచి రాసుకున్నవి కలిపి అలమర నిండిపోయింది. ఫోన్లో పీడీఎఫ్‌లు వేరే. ఈ మధ్య అన్నింటినీ సబ్జెక్టులవారీగా నీటుగా తిరగరాస్తున్నాను. ‘ఎప్పుడు చూసినా రాస్తూనే ఉంటావు, చదివేదెప్పుడమ్మా’ అంటున్నారు నాన్న. మాక్ టెస్టుల్లో మార్కులు మాత్రం పెరగడం లేదు. నోట్సు ఎలా రాసుకోవాలి, ఎలా సర్దుకోవాలి?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ముందు ఆ తిరగరాసే పని ఆపండి. ఎలా రాయాలన్నది తర్వాత చూద్దాం. ఎందుకు రాస్తున్నారో తేలితే ఆ జవాబు సగం మీకే దొరుకుతుంది.

నోట్సు రాయడం వెనక ఒకే కారణం ఉండదు. పాఠం బుర్రకెక్కడానికి రాసేది ఒకటి. దాంట్లో రాయడమే అసలు పని, ఆ తర్వాత కాగితం పోయినా నష్టం లేదు. పరీక్ష ముందు తిరగేయడానికి దాచుకునేది ఇంకొకటి. 1972లోనే డి వెస్టా, గ్రే అనే మనస్తత్వ పరిశోధకులు ఈ రెండు ప్రయోజనాలనూ విడదీసి చూపించారు. మెయిన్స్‌లో జవాబు రాయడానికి ముడిసరుకుగా పెట్టుకునేది మూడోది.

నాలుగో కారణం గురించి ఎవరూ పైకి చెప్పరు. అది ధైర్యం కోసం రాయడం. ఉద్యోగం రాలేదు, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు, ఇంటికొచ్చిన చుట్టాలు ‘ఏం చేస్తున్నావమ్మా’ అని అడుగుతారు. సాయంత్రానికి పది పేజీలు నిండితే ఈ రోజు వృథా కాలేదన్న నిబ్బరం కలుగుతుంది. చదివింది కంటికి కనిపించదు, రాసింది కనిపిస్తుంది. స్టడీ హాల్ వదిలి ఇంటి దగ్గర చదివేవాళ్లలో, ముఖ్యంగా అమ్మాయిల్లో, ఈ కారణం చాలా బలంగా ఉండటం చూస్తుంటాను. ఇది తప్పు కాదు, సిగ్గుపడాల్సిన పనీ లేదు. కానీ ఉన్న నోట్సునే అందంగా తిరగరాయడంలో ఈ ధైర్యం ఎంత ఎక్కువ దొరుకుతుందో, చదువు అంత తక్కువ జరుగుతుంది. చెయ్యి కదులుతుంది, బుర్ర విశ్రాంతి తీసుకుంటుంది. మీ మార్కులు కదలకపోవడానికి ఇదే ముఖ్య కారణమని నా అభిప్రాయం.

2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగం ఒకటి మీకు పనికొస్తుంది. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని చదివి, మళ్లీ చదివారు. మిగతావాళ్లు ఒకసారి చదివాక పాఠం చూడకుండా గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే తారుమారైంది: చూడకుండా రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంటే, మళ్లీ చదివినవాళ్లకు 42 శాతమే గుర్తుంది. మీ పరీక్ష ఐదు నిమిషాల్లో లేదు కదా! పుస్తకం మూసి రాసేదానికీ, తెరిచి ఎక్కించేదానికీ ఉన్న తేడా ఇదే. పుస్తకం మూసి రాసినా పేజీలు నిండుతాయి, రోజు గడిచిన తృప్తీ దక్కుతుంది. కాబట్టి ధైర్యం కోసం రాసే అలవాటును చంపుకోకండి, దారి మళ్లించండి. రోజూ ఒక టాపిక్‌ను చూడకుండా రాసి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చండి. రాత్రి భోజనాలయ్యాక ఆ కాగితం నాన్నగారికిచ్చి ప్రశ్నలు అడగమనండి. మీరేం చేస్తున్నారో ఆయనకూ తెలుస్తుంది.

ఇక దాచుకునే నోట్సు. మీరు రెండు పరీక్షలకు చదువుతున్నారు, ఇక్కడే చాలామంది తడబడతారు. గ్రూప్-2లో నాలుగు పేపర్లు, 600 మార్కులు, అన్నీ బిట్లే. గ్రూప్-1 మెయిన్స్‌లో అర్హత కోసం రాసే ఇంగ్లిష్ కాక ఆరు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు, అన్నీ రాతజవాబులే. రెండింటికీ ఒకే నోట్సు చాలదు. ఉదాహరణకు, తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాల మధ్య ఉద్యోగాల గొడవను సర్దడానికి వచ్చిన ఆరు సూత్రాల పథకాన్నే తీసుకోండి. బిట్ల కోసం అయితే 1973లో పథకం, 32వ రాజ్యాంగ సవరణ, 371-డి అధికరణం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985 డిసెంబరు 30న 610 జీవో అని అయిదు ముక్కల్లో అయిపోతుంది, అర పేజీ చాలు. మెయిన్స్‌కు అవే తేదీల మధ్య ‘ఎందుకు’ కావాలి. ఉద్యోగాలు స్థానికులకే అన్న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972లో సుప్రీంకోర్టు చెప్పాక, ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం ఎందుకు లేచింది? దాన్ని చల్లార్చడానికి వచ్చిన పథకం ముల్కీ నిబంధనల స్థానంలో ఏం పెట్టింది? రాష్ట్రపతి ఉత్తర్వులుండగా మళ్లీ 610 జీవో అవసరం ఎందుకొచ్చింది? ఈ ప్రశ్నలనే శీర్షికలుగా పెట్టి, ఒక్కోదాని కింద నాలుగు వాక్యాలు మీ మాటల్లో రాసుకోండి. కోచింగ్ వాక్యాలు మీ జవాబులో అతకవు.

సర్దడానికి ఎక్కువ రోజులు పెట్టకండి. నోట్సు ఎక్కడి నుంచి వచ్చిందన్న లెక్కన కాకుండా, సిలబస్ అంశాల లెక్కన పెట్టండి. పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఇచ్చిన సిలబస్ ప్రింటే మీ విషయసూచిక. ఒక్కో అంశానికి ఉన్నవాటిలో మంచిది ఒకటే ఉంచి, మిగతావి అట్టపెట్టెలో కట్టి అటక మీద పెట్టేయండి. పారేయమంటే మీకు మనసొప్పదని తెలుసు, పారేయక్కర్లేదు. పీడీఎఫ్‌లకూ అంతే, చదవాల్సినవి తప్ప మిగతావి వేరే ఫోల్డర్‌లోకి నెట్టేయండి. ఫోన్లో రాయాలా, కాగితం మీద రాయాలా అన్న చర్చలోకి వెళ్లకండి. మెయిన్స్ చేత్తో రాయాలి కాబట్టి మీకు కాగితమే నయం.

కొత్తగా ఒక్క నోట్‌బుక్ మాత్రం మొదలుపెట్టండి: మాక్ టెస్టుల్లో తప్పిన బిట్లకు. సరైన జవాబు రాసి ఊరుకోకండి, ఎందుకు తప్పిందో రాయండి. అసలు చదవలేదా, చదివి మరిచిపోయారా, 371-డి, 371-ఇ లాంటి రెండింటిని కలగలిపేశారా, ప్రశ్నలో ‘సరికానిది’ అన్న మాట చూసుకోలేదా? నెల తర్వాత దాన్ని తిరగేయండి. చదవనివే ఎక్కువ కనిపిస్తే పుస్తకాల దగ్గరికి వెళ్లాలి, మరిచిపోయినవి ఎక్కువైతే రివిజన్‌కు రోజులు కేటాయించాలి, ప్రశ్న సరిగా చూడక పోగొట్టుకున్నవైతే నోట్సుతో పని లేదు, గడియారం పెట్టుకుని ఇంకా టెస్టులు రాయాలి.