బుజ్జీ, లెక్క ఒకటే వస్తే ముడి ఒకటే అయిపోదు

ఒరేయ్ బుజ్జీ,

రాత్రి పదకొండింటికి నువ్వు వాట్సాప్‌లో పడేసిన రెండు ఫోటోలూ పొద్దున్న కాఫీ తాగుతూ చూశాను. "పెద్దమ్మా, మూడు క్రాసింగుల బొమ్మకీ ఏడు క్రాసింగుల బొమ్మకీ అలెగ్జాండర్ పాలినామియల్ 1 − టీ + టీ స్క్వేర్ అనే వచ్చింది, అంటే రెండూ ఒకటే ముడి కదా, ప్రాజెక్టులో రాసేస్తున్నా" అన్నావు. రాసెయ్యకు. లెక్కల్లో ముడి అంటే కొసలు కలిపేసిన దారం, క్రాసింగంటే బొమ్మలో ఒక పోగు మీదుగా ఇంకో పోగు దాటే చోటు, అలెగ్జాండర్ పాలినామియల్ అంటే ఆ బొమ్మ నుంచి లెక్కగట్టే టీ సూత్రం. ఫోన్లో చెప్తే ఊ ఊ అంటూ పక్కన ఇంకేదో చూస్తూ ఉంటావని టైపు చేస్తున్నా, కళ్ళజోడు మార్చాలి, అక్షరాలు అటూ ఇటూ అయితే సర్దుకో.

ఇన్వేరియంట్ (దారం తెంపకుండా ముడిని ఎంత కదిపినా మారని లెక్క, నీ పాలినామియల్ లాంటిది) అనేది "ఇవి వేరు" అని మాత్రమే చెప్పగలదు. రెండు ముళ్ళకి వేరే వేరే జవాబులొస్తే కథ అక్కడితో అయిపోయింది, ఎంత లాగినా ఎంత తిప్పినా ఒకటి రెండోది అవ్వదు. ఒకే జవాబు వస్తే మాత్రం ఇంకా ఏమీ తేలనట్టే. ఇంటిపేరు కలిసిందని అన్నదమ్ములైపోరు కదా, మన పేటలో ఒక్క ఇంటిపేరుతో ఎన్ని కొంపలున్నాయో నీకు తెలుసు. నీ 1 − టీ + టీ స్క్వేర్ సంగతే చూడు. ట్రెఫాయిల్ (అదే, నీ మూడు క్రాసింగుల ముడి) కట్టిన దారంలోనే పక్కన కాన్వే ముడి అనే ఇంకో ముడి కూడా వేసి కొసలు కలిపేసినా ఇదే వస్తుంది. ఎందుకంటే ముళ్ళు ఒకే దారం మీద పక్కపక్కన వేస్తే పాలినామియల్స్ గుణించుకుంటాయి, పదకొండు క్రాసింగుల ఆ కాన్వే ముడికేమో అలెగ్జాండర్ పాలినామియల్ ఉత్త 1, అంటే అసలు ముడే లేని దారానికి వచ్చేదే. నీ ఏడు క్రాసింగుల బొమ్మలో అదే ఉందని కాదు, ఈ పాలినామియల్ ఎంత గుడ్డిదో తెలుసుకోమని.

బొమ్మ గీయడం దగ్గర్నుంచి మొదలెడతా, నీ తప్పుల్లో సగం అక్కడే ఉన్నాయి. మీ అమ్మమ్మ అరుగు మీద కూచుని లేసు అల్లేది, నువ్వు చూళ్ళేదు. నరసాపురం చుట్టుపక్కల అప్పట్లో ఏ వీధికెళ్ళినా ఆడవాళ్ళ చేతుల్లో క్రోషా సూదే. గొలుసు అల్లికలో ఒక కన్నులోంచి ఇంకో కన్ను లాగుతూ పోతారు, మూరెడు అల్లినా సరే చివరి కన్నులోంచి దారం కొస దూర్చి బిగించకపోతే ఒక్క లాగుడికి సర్రున మొత్తం ఊడొచ్చేస్తది. నేను చిన్నప్పుడు ఆ సరదాకి ఒకసారి లాగి వీపు మీద రెండు తిన్నాను కూడా. అంటే చూడ్డానికి వందల క్రాసింగులున్నా, బిగించకుండానే రెండు కొసలూ కలిపేస్తే లెక్కల్లో అది ముడే కాదు, ఉత్త వలయం. జారుముడీ అంతే. అదే మామూలుగా దారం చివర వేసే ఒంటిముడి వేసి కొసలు కలిపితే అది ట్రెఫాయిల్, ఇక దాన్ని బ్రహ్మదేవుడొచ్చినా విప్పలేడు. అంచేత ముడి అనుకున్నప్పుడల్లా ముందు కొసలు కలుపు, క్రాసింగులెన్నో చూసి భయపడకు.

ముడి నీడ, అంటే కాగితం మీద దాని బొమ్మ, గీయడానికి మన మెలికల ముగ్గు కంటే మంచి పాఠం లేదు. చుక్కల చుట్టూ తిరిగి తిరిగి గీత మొదలైన చోటికే వచ్చి కలిస్తే అది ఒక ముడికి నీడ, రెండు మూడు విడి గీతలైతే అది లింకు, దాని సంగతి వేరు. ఒకే చోట మూడు పోగులు కలవకూడదు, రెండు పోగులు ఊరికే రాసుకుని పోకూడదు, అడ్డంగా దాటాలి. కిందపోగు దగ్గర గీత స్పష్టంగా తెంపు. నువ్వు తెంపిన చోట్లు కొన్ని పెన్ను జారినట్టున్నాయి తప్ప తెంపినట్టు లేవు.

తర్వాత ఒక చోట వేలు పెట్టి ఒకే దిక్కుకి నడుస్తూ క్రాసింగు వచ్చినప్పుడల్లా 1, 2, 3 అని వేసుకుంటూ పో, ప్రతి క్రాసింగుకీ రెండు నంబర్లు పడతాయి. ట్రెఫాయిల్‌కి 1-4, 3-6, 5-2, బేసి నంబర్ల వరసలో సరి నంబర్లు రాస్తే 4 6 2, అదే డౌకర్-తిసిల్‌త్వైట్ కోడ్. ప్రతి క్రాసింగులోనూ ఒకటి బేసి, ఒకటి సరి కచ్చితంగా రావాలి. రెండూ సరి వచ్చాయంటే నువ్వు ఎక్కడో ఒక క్రాసింగు దాటేశావు, మొదట్నుంచీ వెయ్యి. ఇందులోనే ఇంకో గమ్మత్తుంది. ఏ ముగ్గు తీసుకున్నా, ఒకే గీతదైతే చాలు, బేసి నంబరు దగ్గర పైనుంచి, సరి నంబరు దగ్గర కిందనుంచి వెళ్ళాలి అని పెట్టుకుంటే ఎక్కడా గొడవ రాదు, పైన-కింద-పైన-కింద అని ఆల్టర్నేటింగ్ ముడి తయారైపోతుంది. అలాంటి బొమ్మలో ఊరికే తిప్పేస్తే పోయే మెలిక ఒక్కటీ లేకపోతే ఆ ముడిని అంతకంటే తక్కువ క్రాసింగుల్లో ఎవడూ గీయలేడు. టెయిట్ అనే స్కాట్లాండ్ శాస్త్రవేత్త 19వ శతాబ్దంలో ఊహించిన ఈ మాట రుజువైంది 1987లో, అది కూడా జోన్స్ పాలినామియల్ అనే ఇంకో ఇన్వేరియంట్ పుణ్యమా అని, దాని సంగతి కింద చెప్తా. నీ ఏడు క్రాసింగుల బొమ్మ ఆల్టర్నేటింగ్ కాదు, పైన పైన అని వరసగా రెండుసార్లు వచ్చింది ఒక చోట, అందుకే అది తగ్గే అవకాశం ఉంది అంటున్నా.

రంగుల పరీక్ష నీకొచ్చు కాబట్టి పొడిగించను. మూడు రంగులు, ప్రతి క్రాసింగు దగ్గరా మూడు ముక్కలూ (తెంపు నుంచి తెంపు దాకా ఒక ముక్క) ఒకే రంగు లేదా మూడూ మూడు రంగులు, మొత్తం మీద కనీసం రెండు రంగులు వాడాలి. ట్రెఫాయిల్‌కి పడతాయి, నాలుగు క్రాసింగులుండే 'ఎనిమిది ముడి' (ఫిగర్-ఎయిట్) అనేదానికి పడవు, కాబట్టి ఆ రెండూ వేరు, రెండు నిమిషాల పని. చిన్న పనికి పెద్ద యంత్రం తియ్యకు.

ఇక అలెగ్జాండర్. 1928 నాటిది, ఇప్పటికీ చేత్తో చెయ్యడానికి ఇంతకంటే మర్యాదైనది లేదు. ఒక మ్యాట్రిక్స్ వెయ్యి, ఒక్కో క్రాసింగుకి ఒక్కో అడ్డవరస, ఒక్కో ముక్కకి ఒక్కో నిలువువరస, పైపోగుకి 1 − టీ, కిందపోగు రెండు ముక్కల్లో ఒకదానికి టీ, ఇంకోదానికి −1. ఏది దేనికి అన్న దగ్గరే పిల్లలందరూ బోల్తా కొడతారు. నువ్వేమో "లోపలికి వచ్చే ముక్కకి టీ, బయటికి పోయేదానికి −1" అని పెట్టావు. తప్పు. పైపోగు నడిచే దిక్కుకి మొహం పెట్టి నిలబడితే కుడిపక్క ఉన్న ముక్కకి టీ, ఎడమపక్క దానికి −1, వచ్చేదా పోయేదా అనవసరం. ట్రెఫాయిల్‌లో మూడు క్రాసింగులూ ఒకే గుర్తువి (ప్లస్సో మైనస్సో, ఎలా వెయ్యాలో కింద చెప్తా) కాబట్టి నీ పద్ధతిలోనూ జవాబు సరిగ్గానే వచ్చి నిన్ను మోసం చేసింది. ఎనిమిది ముడి మీద చేసి చూడు, అందులో రెండు ప్లస్సు రెండు మైనస్సు, 1 − 3టీ + టీ స్క్వేర్ రావాలి, రాకపోతే దొరికిపోయినట్టే. మొత్తం జవాబుకి ముందు మైనస్సు వచ్చినా, టీ పవర్ ఏదో ఒకటి గుణించి ఉన్నా పట్టించుకోకు.

వేశాక ప్రతి అడ్డవరసా కూడితే సున్నా రావాలి. ఒక అడ్డవరస, ఒక నిలువువరస కొట్టేసి డిటర్మినెంట్ తియ్యి. వచ్చిన పాలినామియల్ ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా గుణకాలు ఒకేలా ఉండాలి. టీ బదులు 1 వేస్తే 1 గానీ −1 గానీ రావాలి, −1 వేస్తే బేసి సంఖ్య రావాలి, ట్రెఫాయిల్‌కి 3, ఎనిమిది ముడికి 5. ఈ మూడూ చూడకుండా నాకు జవాబు పంపకు, ఆయ్, నేను చూడను.

ఇప్పుడు నా పరువు తీసుకునే కథ. ఎం.ఫిల్ రోజుల్లో రెండు వారాలపాటు ఒక లెక్క కుదరక చచ్చాను, ఎడమచేతి ట్రెఫాయిల్ (కుడిచేతిదానికి అద్దంలో బొమ్మ) అనుకున్నదానికి కుడిచేతి జవాబే వస్తోంది. మా గైడుకి చూపిస్తే నాలుగుసార్లు తిరగేసి వేళ్ళు విరిచారు తప్ప దొరకలేదు. చివరికి ఏంటంటే ట్రేసింగ్ పేపరు బోర్లా పెట్టి కాపీ చేసుకున్నాను. గీత తెంపులు ఎక్కడివక్కడే ఉండి బొమ్మ తిరగబడితే అది అద్దంలో ముడి అయిపోతుంది. ముగ్గుని ఎదురింటి వైపు నుంచి చూడ్డం అలా కాదు, అది తిరుగుతుందంతే, అద్దం అవ్వదు. నువ్వు సెల్ఫీ కెమెరాతో తీస్తే కూడా ఇదే ప్రమాదం, చెప్పానుగా.

అలెగ్జాండర్ పాలినామియల్‌కి ఎడమా కుడీ తెలియవు. అవి తెలియాలంటే ముందు క్రాసింగులకి ప్లస్సు, మైనస్సు గుర్తులు వెయ్యాలి. కాలవ మీద వంతెన అనుకో, నువ్వు వంతెన మీద నడుస్తున్నావు, కింద నీళ్ళు నీ కుడి నుంచి ఎడమకి పోతుంటే ప్లస్సు, ఎడమ నుంచి కుడికైతే మైనస్సు. ముడి మొత్తం వెనక్కి నడిచినా నీళ్ళు కూడా వెనక్కి పారతాయి కాబట్టి గుర్తు మారదు, అందుకే దిక్కు ఏది ఎంచుకున్నావన్న బెంగ అక్కర్లేదు. అన్నీ కూడితే వచ్చే సంఖ్య పేరు రైద్. కుడిచేతి ట్రెఫాయిల్‌కి +3. కానీ ఇది ఇన్వేరియంట్ అనుకునేవు, కాదు, దారాన్ని ఒక చోట ఊరికే మెలేస్తే ఒకటి పెరుగుతుంది లేదా తగ్గుతుంది. కాఫ్‌మన్ బ్రాకెట్ (ప్రతి క్రాసింగునీ రెండు రకాలుగా తెంచి అతికించి, వచ్చిన బొమ్మలన్నిటి మీదా కూడే లెక్క) కట్టి ఆ మెలికల లెక్కని రైద్‌తో సరిచేస్తే అప్పుడు జోన్స్ పాలినామియల్ వస్తుంది. వాన్ జోన్స్ 1984లో దాన్ని కనిపెట్టాడు. కుడిచేతి ట్రెఫాయిల్‌కి టీ + టీ క్యూబ్ − టీ పవర్ 4, ఎడమచేతిదానికి అన్నిచోట్లా టీ బదులు 1 బై టీ. కొన్ని పుస్తకాల్లో ఇది తిరగేసి ఉంటుంది, కాబట్టి మొదటి పేజీలోనే "నేను కుడిచేతి ట్రెఫాయిల్ అనేది దీన్ని, దాని జోన్స్ ఇది" అని బొమ్మతో సహా రాసెయ్యి. బ్రాకెట్లో క్రాసింగుకి రెండు దార్లు, మూడు క్రాసింగులకి 8 బొమ్మలు, ఏడుకి 128. ట్రెఫాయిల్ ఒక్కసారి చేత్తో చెయ్యి, ఏడుది కంప్యూటర్‌కి వదిలెయ్యి.

జోన్స్ కూడా కలిసిందనుకో, అప్పుడైనా ఒకటే అని రాస్తానంటావేమో. ముళ్ళ పట్టికలో 5-1 (అయిదు క్రాసింగులవాటిలో మొదటిది) అనే ముడికీ 10-132 అనే ముడికీ అలెగ్జాండర్, జోన్స్ రెండూ ఒకటే, ముళ్ళు మాత్రం వేరు. ఒకటే అని చెప్పాలంటే ఒక బొమ్మ నుంచి రెండోదానికి రైడెమైస్టర్ కదలికలు (దారం తెంపకుండా బొమ్మలో చేసుకోగల మూడు రకాల చిన్న మార్పులు) ఒక్కొక్కటీ గీసి చూపించాలి, చేత్తో చేసేవాళ్ళకి దానికి అడ్డదారి లేదు. తిరకాసు రెండో వైపు నుంచీ ఉంది. పది క్రాసింగుల పట్టికలో రెండు బొమ్మలు డెబ్భై ఏళ్ళకి పైగా వేరు వేరు ముళ్ళుగానే ఉండిపోయాయి, ఎందుకంటే ఆ పట్టిక కట్టిన లిటిల్ అనే ఆయన, ఊరికే పోయే మెలికలు తీసేసిన బొమ్మల్లో రైద్ మారదు అనుకున్నాడు, ఈ రెండిటి రైద్ వేరు. 1974లో కెన్నెత్ పెర్కో రెండూ ఒకటే ముడి అని చూపించాడు. వృత్తిరీత్యా ఆయన లాయరు. ఇలాంటివి చదివితే నాకు ఇంకా ఉత్సాహం వస్తుందిరా, ఈ వయసులో.

స్నాప్‌పై అనే ముళ్ళ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకో, పైన చెప్పిన కోడ్ ఇస్తే అదే బొమ్మని తగ్గించి చూపిస్తుంది, నాట్‌ఇన్ఫో అనే ఆన్‌లైన్ ముళ్ళ పట్టికతో సరిచూసుకో. వాల్యూమ్ (ముడి చుట్టూ ఉన్న చోటుకి హైపర్‌బోలిక్ అనే వంపు జ్యామితిలో వచ్చే ఘనపరిమాణం) అడగడం మాత్రం ట్రెఫాయిల్‌కి దండగ, అది హైపర్‌బోలిక్ కాదు. ఎనిమిది ముడికైతే 2.0298 అని వస్తుంది. యంత్రం చెప్పింది కదా అని ప్రాజెక్టులో అదొక్కటే పెట్టకు, వైవాలో ట్రెఫాయిల్ మ్యాట్రిక్స్ బోర్డు మీద వెయ్యమంటారు.

నా అనుమానం, నీ రెండో బొమ్మ ట్రెఫాయిలే, కాకపోతే మొదటిదానికి అద్దంలో బొమ్మ. నేను గుర్తులు వేసి చూశాను కానీ ఎడమవైపు కింద ఆ ఏడో క్రాసింగు దగ్గర ఏది పైపోగో ఫోటోలో నీ బొటనవేలు అడ్డొచ్చి కనపళ్ళేదు. వెనక కెమెరాతో, పగటి వెలుతుర్లో మళ్ళీ తీసి పంపు. మధ్యాహ్నం మూడు దాకా మెలకువగానే ఉంటా.

పెద్దమ్మ