సూప్‌లో ఏముందో వంటింట్లో అడుగు, బుజ్జీ

బుజ్జీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నీ కాన్వొకేషన్‌కి వాళ్ళిద్దరే కాక నీ స్నేహితుల అమ్మానాన్నలు కూడా వస్తున్నారట కదా. అందరినీ ఒక రోజంతా బుడాపెస్ట్ తిప్పి, అక్కడి తిండి తినిపించే పని నువ్వే నెత్తినేసుకున్నావట. "గైడ్‌కి డబ్బులెందుకక్కా, మా అమ్మాయి ఉందిగా" అన్నాడు. వింటుంటే నాకెంత గర్వంగా అనిపించిందో! ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు.

హైదరాబాద్ నుంచి మనవాళ్ళ గ్రూపులను యూరప్ తిప్పే ఉద్యోగంలోనే నా తల నెరిసింది. ఆ ఊళ్ళో దారులు ఇప్పుడు నాకంటే నీకే బాగా తెలుసు. కానీ అరవై దాటినవాళ్ళ మోకాళ్ళు, వాళ్ళ మాత్రలు, "మాకేం ఫర్వాలేదమ్మా" అంటూ దాచుకునే ఆకలి, ఇవి నీకు తెలియవు. అందుకే రాస్తున్నాను. కాస్త పొడుగైనా చివరిదాకా చదువు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. కాగితం టికెట్లు కొంటే మెషీన్‌లో పంచ్ చేయించు, చెకింగ్‌వాళ్ళు మెట్రో మెట్ల దగ్గరే నిలబడతారు. అరవై అయిదు దాటినవాళ్ళకి ఉచితం అనేది యూరోపియన్ యూనియన్ పౌరులకి, మన పాస్‌పోర్టుకి కాదు. కార్డు గీకినప్పుడు "రూపాయల్లోనా, ఫోరింట్లలోనా" అని అడిగితే అక్కడి డబ్బు ఫోరింట్లే నొక్కు. టాయ్‌లెట్లకి చిల్లర నాణేలు గుప్పెడు నీ దగ్గరే ఉంచుకో, ఆడవాళ్ళు చిల్లర లేదని ఆపుకుని కూర్చుంటారు. నీళ్ళ సీసాకి గులాబీ రంగు మూత ఉంటే మామూలు నీళ్ళు, నీలం మూత ఉంటే గ్యాస్ నీళ్ళు. ఎండలో ఒక గుక్క తాగి ఉమ్మేశాక, ఇంక సాయంత్రం దాకా నీళ్ళే ముట్టని పెద్దవాళ్ళను చూశాను. కుళాయి నీళ్ళు అక్కడ నిక్షేపంగా తాగొచ్చు, ఇంట్లోనే సీసాలు నింపి ఇచ్చెయ్. మీ అమ్మకి ఇప్పుడే చెప్పు, నెయ్యి, పాలకోవా సర్దొద్దని. పాలతో చేసినవి మన దేశం నుంచి అక్కడికి తీసుకెళ్ళనివ్వరు. పొడులు, ఆవకాయ చాలు.

ఇక రోజు ఎక్కడ మొదలుపెట్టాలి? నన్నడిగితే ఫోవామ్ చౌరస్తా దగ్గరున్న సెంట్రల్ మార్కెట్‌లో, అదీ పొద్దున్నే. 1897లో కట్టిన ఇనుప కప్పు కింద అంత పెద్ద కూరగాయల బజారు చూస్తే మనవాళ్ళకి ప్రాణం లేచొస్తుంది. కోటలూ చర్చిలూ చూసి తలూపుతారు గానీ, క్యాబేజీ ధర ఎంతో తెలిస్తేనే ఊరు చూసినట్టు వాళ్ళకి. ఒక్క జాగ్రత్త. కింది అంతస్తులో మాంసం కొట్లు వరసగా ఉంటాయి, పంది తొడలు వేలాడుతుంటాయి. శాకాహారులను ఆ వరసలోంచి నడిపించకు. వాళ్ళు నిన్నేమీ అనరు, కానీ ఆ తర్వాత ఏం పెట్టినా నోటికి పోదు. కూరగాయల వైపు నుంచి తీసుకెళ్ళి, మిరపకాయ దండలు వేలాడే కొట్ల దగ్గర ఆపు.

అక్కడ మాత్రం తొందరపడకు. వచ్చేవాళ్ళలో గుంటూరు వైపు మిర్చి పండించిన కుటుంబాలున్నాయని మీ నాన్న చెప్పాడు. వాళ్ళ ముఖాలు అక్కడ ఎలా వెలుగుతాయో చూడు! మిరప మనదీ కాదు, నువ్వుండే హంగరీదీ కాదు. అమెరికా ఖండం నుంచి బయలుదేరి మన తీరానికి పోర్చుగీసు ఓడల్లో వచ్చింది, హంగరీకి తుర్కుల ఏలుబడిలో చేరింది. మనం కారం పెంచుకుంటూ పోయాం. వాళ్ళు సెగెద్, కలొచా ఊళ్ళ చుట్టూ పండించి, కారం తగ్గించి రంగూ తీపీ పెంచుకున్నారు. సెగెద్‌లో పనిచేసిన సెంట్-జ్యోర్జీ అనే శాస్త్రవేత్త ఈ మిరపకాయల్లోంచే విటమిన్ సి పెద్దమొత్తంలో తీశాడు. 1937లో ఆయనకి నోబెల్ వచ్చింది. మిర్చి యార్డులో టిక్కీలు, అదే బస్తాలు, మోసినవాళ్ళకి ఈ కథ చెప్పు, చర్చి కథలు పది చెప్పిన దానికంటే ఎక్కువ గుర్తుంటుంది. పొడి కొనాలంటే డబ్బా మీద "ఎడెష్" అని ఉంటే తీపిది, "చీపోష్" అని ఉంటే కారంది. రెండోది కూడా మనవాళ్ళ నాలుకకి పెద్దగా ఆనదు, ముందే చెప్పేయ్.

పైఅంతస్తులో లాంగోష్ ఉంటుంది. పెద్ద పూరీలా పొంగిన పిండి రొట్టె మీద వెల్లుల్లి నీళ్ళు రాసి, పుల్లటి మీగడ, తురిమిన చీజ్ వేసి ఇస్తారు. మనవాళ్ళకి తప్పకుండా నచ్చుతుంది. ఇద్దరికి ఒకటి చాలు. కానీ దేంట్లో వేయిస్తున్నారో అడిగాకే కొను. చాలాచోట్ల నూనే. కొన్నిచోట్ల పంది కొవ్వు. దాన్ని అక్కడ "జీర్" అంటారు. బుజ్జీ, ఆ మాట నీకు తెలిసే ఉంటుంది, అయినా మళ్ళీ రాస్తున్నాను. ఎందుకో చెప్తాను.

చాలా ఏళ్ళ కిందటి మాట. మా గ్రూపులో తెనాలి వైపు నుంచి కొన్ని శాకాహార కుటుంబాలు వచ్చాయి. ఆ పొద్దున ఒకాయన పాస్‌పోర్టు పోతే ఆయన్ని తీసుకుని నేను ఎంబసీకి వెళ్ళాల్సివచ్చింది. మిగతావాళ్ళను అక్కడి గైడ్‌కి అప్పగించారు. చాలా చదువుకున్న మనిషి. డాన్యూబ్ మీది చెయిన్ బ్రిడ్జి ముందు నిలబడితే గంట మాట్లాడేవాడు, వినాలనిపించేది. మధ్యాహ్నం భోజనానికి ఒక హోటల్‌కి తీసుకెళ్ళి, అందరికీ చిక్కుడు గింజల సూప్ చెప్పాడు. "ఇందులో మాంసం లేదు కదా" అని మనవాళ్ళు అడిగితే, "చిక్కుళ్ళు, క్యారెట్, పాప్రికా, అంతే" అన్నాడు. వంటింట్లో అడగలేదు. ఆయన అబద్ధం ఆడలేదు బుజ్జీ. ఆయన దృష్టిలో అది చిక్కుడు సూపే. కానీ అక్కడ ఆ సూప్‌ని పొగబెట్టిన పంది కాలితో ఉడికిస్తారు. పది చెంచాలు తాగాక ఒక పెద్దాయన చెంచాలో ముక్క కనబడింది.

ఎవరూ గొడవ చెయ్యలేదట. చెంచాలు కింద పెట్టేశారట. ఒకావిడ బయటికెళ్ళి వాంతి చేసుకుందట. ఆయన కంగారుపడి "బ్రెడ్ తినండి, చీజ్ తెప్పిస్తాను" అన్నాడట గానీ, ఆ బల్ల మీదది ఏదీ ఎవరికీ సయించలేదు. అందరూ లేచి వచ్చేశారు. సరే, అప్పుడైనా ఏ పండ్ల కొట్టుకో తీసుకెళ్ళాడా? లేదు. టైమ్ అయిపోతోందని, వ్యూ బావుంటుందని, బస్సు ఎక్కించకుండా మెట్లదారిన కోట కొండ ఎక్కించాడు.

వాళ్ళలో ఒక పెద్దావిడకి షుగర్. భోజనం వస్తోంది కదా అని మాత్ర ముందే వేసుకుంది. తిన్నది మాత్రం ఆ పది చెంచాలు. ఎవరికీ చెప్పలేదు. "ఉపవాసాలు నాకు అలవాటేలే" అందట పక్కావిడతో. నేను ఎంబసీ నుంచి కొండ మీది బురుజులు, ఫిషర్‌మెన్స్ బాస్టియన్ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఎండాకాలమే గానీ, ఆ చెమట ఎండ చెమట కాదు. చల్లటి చెమట. చేతులు వణుకుతున్నాయి. నన్ను చూసి తన కూతురి పేరు పెట్టి పిలిచింది. గైడ్ అయిదడుగుల అవతల ఆ బురుజులు 1902లో పూర్తయ్యాయని చెబుతూనే ఉన్నాడు.

ఐస్‌క్రీమ్ కొట్టులోకి పరిగెత్తి "త్సుకొర్, త్సుకొర్" అన్నాను. అంటే చక్కెర. ఆ కొట్టమ్మాయి నా ముఖం చూసి, డబ్బు అడక్కుండా కప్పులో చక్కెర పోసి, నీళ్ళు కలిపి, తనే తెచ్చింది. పెద్దావిడ మింగగలుగుతోంది కాబట్టి కొద్దికొద్దిగా తాగించాను. పావుగంటకి మనిషి తేరుకుంది. అప్పుడు బ్రెడ్డు, అరటిపండు తినిపించాం. తేరుకున్నాక ఆవిడ అన్న మొదటి మాట, "మీ అందరికీ అడ్డం పడ్డానా తల్లీ" అని. ఇప్పుడు రాస్తుంటే కూడా నా గొంతు పట్టేస్తోంది. ఆకలితో పడిపోయిన మనిషి మనకి క్షమాపణ చెప్పింది, బుజ్జీ.

అందుకని ఇది కచ్చితంగా చెయ్. "ఇది వెజిటేరియనే" అని ఏ వంట గురించీ నీకు నువ్వుగా ఎవరికీ చెప్పకు. వంటింట్లో మూడు అడుగు: మాంసం ఉందా, ఏ కొవ్వుతో వండారు, ఉడికించిన నీళ్ళు ఏవి. వాళ్ళు తడబడితే ఆ గిన్నె వద్దను. లెచో అని టమాటా, మిరపకాయల కూర ఉంటుంది, చూడ్డానికి శుద్ధ శాకాహారం, కానీ సాసేజ్ వేయడం, కొవ్వుతో పోపు పెట్టడం మామూలే. ఫోజెలేక్ అని కూరగాయలు చిక్కగా ఉడికించి పెడతారు, గుమ్మడికాయది, పాలకూరది మనకి బాగుంటాయి. పైన మాంసం ముక్క పెట్టొద్దని చెప్పాలి. వేసవిలో పుల్ల చెర్రీలతో చల్లటి సూప్ చేస్తారు, దాన్ని మాత్రం వదలకు. చుట్టిన రొట్టెల్లో గసగసాలది, ఆపిల్‌ది తీసుకో. రోడ్డు మీద బొగ్గుల మీద కాల్చే గొట్టం కేకు పిల్లలకంటే పెద్దలకే ఎక్కువ ఇష్టం, కానీ దాని పిండిలో గుడ్డు కలుపుతారు, గుడ్డు తినని వాళ్ళకి ముందే చెప్పు. మాంసం తినేవాళ్ళను గుయాష్ తిననివ్వు. అయితే అది గొడ్డు మాంసం సూప్ అని చెప్పాకే. తెలిసి తింటే వాళ్ళిష్టం, తెలియక తింటే మన పాపం.

బిల్లు కడుతూ నోటు చేతికిచ్చి "థాంక్యూ" అనెయ్యకు, మిగతాది ఉంచుకోమన్నట్టు అర్థమవుతుంది. చిల్లర చేతికొచ్చాక అను.

మార్కెట్ నుంచి నడవొద్దు. బయటికి రాగానే 2వ నంబరు ట్రామ్ ఉంది. డాన్యూబ్ ఒడ్డునే పార్లమెంటు దాకా వెళ్తుంది. కూర్చునే సగం ఊరు చూసేస్తారు. చెప్పాల్సిన కథలన్నీ ట్రామ్‌లోనే చెప్పు, ఎండలో నిలబెట్టి చెప్పకు. బుడా, పెస్ట్, ఓబుడా 1873లో కలిసి ఒక ఊరయ్యాయని, రెండో ప్రపంచ యుద్ధం ఆఖరులో జర్మన్ సైన్యం పోతూ పోతూ వంతెనలన్నీ పేల్చేసిందని, చెయిన్ బ్రిడ్జి మళ్ళీ 1949లో తెరిచారని. ఇంతే చాలు. "మనవాళ్ళెవరైనా ఇక్కడ ఉండేవారా" అని ఎవరో ఒకరు అడుగుతారు. చిత్రకారిణి అమృతా షేర్-గిల్ 1913లో ఈ ఊళ్ళోనే పుట్టింది, వాళ్ళమ్మ హంగరీ ఆవిడ.

పార్లమెంటుకి కాస్త ముందే నది గట్టు మీద ఇనుప చెప్పులుంటాయి కదా. వాటి దగ్గరికి వెళ్ళకముందే చెప్పాలి నువ్వు. 1944-45 చలికాలంలో యారో క్రాస్ అనే హంగరీ నాజీ పార్టీ మూకలు యూదులను ఆ గట్టున నిలబెట్టి, చెప్పులు విప్పించి, కాల్చి నదిలో పడేశారు. ఆ అరవై జతలు 2005లో పెట్టారు. పిల్లల బూట్లు కూడా ఉన్నాయి. ముందు తెలియకపోతే మనవాళ్ళు వాటిలో కాళ్ళు పెట్టి ఫొటో దిగుతారు. తప్పు వాళ్ళది కాదు, చెప్పనివాళ్ళది. నువ్వు చెబితే మీ నాన్న అక్కడ తన చెప్పులు విప్పి నిలబడతాడు, నాకు తెలుసు వాణ్ణి.

మధ్యాహ్నం ఒంటిగంటలోపు భోజనం అయిపోవాలి. అయ్యాక అందరినీ ఇంటికి తీసుకెళ్ళి పడుకోబెట్టు. నవ్వకు. యూరప్‌లో గడిపే ఒక్క రోజులో నిద్రేంటి అని నీ వయసువాళ్ళు అనుకుంటారు. జూలైలో తొమ్మిదింటికి గానీ చీకటి పడదు, సాయంత్రం ఆరింటికి బయలుదేరినా బోలెడు టైముంటుంది. అప్పుడు 16వ నంబరు బస్సులో కోట కొండ ఎక్కించు. మెట్లు వద్దు, ఎవరు సరదాపడినా సరే. దిగేటప్పుడూ అదే బస్సులో సేల్ కాల్మాన్ చౌరస్తా, అక్కడి నుంచి మెట్రోలో ఒక్క స్టాప్, బత్యాని చౌరస్తా. బయటికి రాగానే నదికి అవతల పార్లమెంటు, లైట్లతో. టికెట్ అక్కర్లేదు, కూర్చోడానికి గట్టు ఉంది. లోపలి టూర్ కావాలంటే ముందే ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకోవాలి, వేరే రోజు పెట్టుకోండి. ఈ రోజులోకి దూర్చకు.

నీ సంచిలో ఇవి ఉండాలి: చక్కెర పొట్లాలు, అరటిపళ్ళు, బిస్కెట్లు, ఓఆర్‌ఎస్. ఎవరైనా చెమటలు పట్టి తికమకగా మాట్లాడితే ముందు చక్కెర నీళ్ళు, పావుగంటకీ తేరుకోకపోతే మళ్ళీ, తేరుకున్నాక తిండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకు, 112కి ఫోన్ చెయ్. షుగర్ మాత్రలు గిన్నె బల్ల మీదకి వచ్చి, అది తినదగిందే అని నువ్వు తేల్చాకే వేసుకోమను. డాక్టర్ ఫలానా టైమ్‌కే వేసుకోమని చెప్పి ఉంటే ఆ టైమ్‌కి తిండి సిద్ధంగా ఉంచడం నీ పని.

నిన్ను భయపెట్టాలని కాదు రా. చిన్నప్పుడు తీర్థంలో నా కొంగు పట్టుకుని నడిచినదానివి, ఇప్పుడు నీ వెనకాల పెద్దవాళ్ళందరూ నడుస్తారంటే ఆ దృశ్యం చూడాలని నాకు ఆశగా ఉంది. రాలేను, నా మోకాళ్ళు ఒప్పుకోవు. కాబట్టి ఆదివారంలోపు వచ్చేవాళ్ళ లిస్టు వాట్సాప్‌లో పంపు. ఎవరు గుడ్డు తినరు, ఎవరికి షుగర్, ఎవరు ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటారు, అన్నీ రాయి. వాళ్ళ పిల్లలను అడుగు, వాళ్ళను అడిగితే "మాకేం లేదమ్మా" అంటారు. చూసి నేను ఫోన్ చేస్తాను, భోజనాల టైమ్‌లు కూర్చుని వేద్దాం.

మీ అత్త