టమాటాకి కర్ర ముందే పాతేయ్

చిన్నీ,

ఫోటో చూశాను, నారు బాగా నిలదొక్కుకుంది గానీ పక్కన కర్ర ఏదే? "ఇంకా జానెడే ఉంది కదా అత్తయ్యా, తర్వాత పెడతాలే" అంటావని తెలుసు, మొదటిసారి నేనూ అదే అనుకున్నాను. బెంగళూరు మారతహళ్ళి మేడ మీద మే నెల సాయంత్రం ఒక గాలివాన కొట్టింది, కాయలతో ఉన్న మూడు మొక్కలు నడుముకి విరిగాయి. మిగిలినవాటికి తెల్లారి హడావిడిగా కర్రలు దించితే వేళ్ళు తెగి రెండు వాడిపోయాయి. నీ మొక్క వేళ్ళు ఇంకా పాకలేదు, రేపే పాతేయ్.

బొటనవేలంత లావు వెదురు బొంగైనా, సరుగుడు కర్రైనా సరే, ఐదడుగులుండాలి. మొదలుకి నాలుగు వేళ్ళ దూరంలో కుండీ అడుగు తగిలేదాకా దించు. నీవి గ్రో బ్యాగులు, అంటే మొక్కలు పెంచే సంచులు, కాబట్టి కర్రతో సహా పడిపోతాయి, పై కొసలు పిట్టగోడ గ్రిల్‌కి కట్టేయ్.

కట్టడంలోనే ఉంది అసలు పని. నైలాన్ దారం, వైరు వద్దు, కాండాన్ని కోసేస్తాయి. పాత కాటన్ చీర రెండు వేళ్ళ వెడల్పున చింపి, ముందు కర్రకి బిగించి ముడెయ్, తర్వాత పీలికని 8 అంకెలా మెలితిప్పి కాండం చుట్టూ వదులుగా తిప్పు, నీ చిటికెన వేలు దూరేంత సందుండాలి. కాండం లావెక్కుతుంది, ఇప్పుడు సరిపోయిన ముడి నెలకి ఉరవుతుంది. పూలగుత్తి కాడకి మాత్రం కట్టకు.

ఆకుకీ కాండానికీ మధ్య చంకలో పిలకలొస్తాయి. నీది చెర్రీ రకమంటున్నావు, అవి ఎక్కువగా ఎగబాకేవే, కాబట్టి పిలక చిన్నగా ఉండగానే పొద్దున పూట గోటితో తుంచెయ్. వేళ్ళకి పచ్చగా జిగురంటి తర్వాత నల్లబడుతుంది, కంగారుపడకు, సబ్బుకి పోతుంది. పొట్టిగా గుబురయ్యే రకాలకైతే తుంచకు, కాపు తగ్గిపోతుంది. మీ మామయ్యని సిగరెట్ చేత్తో మొక్క ముట్టుకోనివ్వకు, పొగాకు నుంచి టమాటాకి వైరస్ అంటుతుంది, మాట వినడనుకో!

మొక్క మోకాలెత్తు దాటాక నేలకి తగిలే ఆకులు తీసెయ్, వానకి మట్టి చింది మచ్చ తెగులు కింది నుంచే మొదలవుతుంది.

చీర ఆదివారం నేను తెస్తాను, కర్రలు మాత్రం నువ్వు కొనిపెట్టుకో.

అత్తయ్య