గౌరామి పిల్లలు చనిపోతున్నాయి, తప్పు నత్తలదేనా?

ప్రశ్న: పెరట్లో సిమెంటు తొట్టెలు కట్టి గప్పీ, గౌరామి చేపలు పెంచి బరంపురం అక్వేరియం షాపులకు ఇస్తున్నాను. గప్పీ పిల్లలతో టెన్షన్ లేదు. గౌరామి పిల్లలు మాత్రం ఈత మొదలైన నాలుగైదు రోజులకే వందల్లో పోతున్నాయి. పాచి తింటాయని చెరువు నత్తలు వేశాను. పొద్దున్నే అవి చచ్చిన పిల్లల మీద కనిపిస్తున్నాయి. నత్తలే తినేస్తున్నాయా? పొడి మేత మానేసి సజీవ మేత ఇవ్వాలా?
– ఒక యువ రైతు, కాశీనగర్, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: ఈదే పిల్లను నత్త పట్టుకోలేదు. అవి తింటున్నది చచ్చినవాటిని. మీ పిల్లలు ఎక్కువగా ఆకలికే పోతున్నట్టుంది. గప్పీ పిల్లల్ని పెడుతుంది, పుట్టగానే అవి మెత్తటి పొడి తినగలవు. గౌరామిది గుడ్డు. పిల్ల రెండు మూడు రోజులు ఒంట్లోని సొనతో బతికి, అది అయిపోయే వేళకు ఈత మొదలుపెడుతుంది. అప్పుడు దాని నోట్లో మీ పొడే కాదు, అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే చిట్టి రొయ్యలాంటి జీవి) పిల్ల కూడా పట్టదు. తినని పొడి అడుగున కుళ్లి నీటిని పాడుచేస్తుంది.

మొదటి వారం కావలసింది ఇన్ఫ్యూసోరియా, అంటే కంటికి సరిగా ఆనని సూక్ష్మజీవులు. పాత తొట్టి నీళ్లలో క్యాబేజీ ఆకో, ఎండిన అరటి తొక్కో వేసి పల్చటి గుడ్డ కట్టండి. ముందు తెల్లగా మారి కంపు కొడుతుంది. పారబోయకండి. నాలుగైదు రోజులకు తేరుకుని లేత పసుపు రంగుకు వస్తే తయారైనట్టే. జత కట్టించే ముందే ఇది మొదలుపెట్టాలి. పిల్లలు పుట్టాక మొదలుపెడితే ఆలస్యమే.

నత్తలు ఉపయోగపడేది ఇక్కడే. వేరే టబ్బులో ఆకుకూర వేసి పెంచితే వాటి రెట్ట మీద ఇన్ఫ్యూసోరియా బాగా పెరుగుతుంది. గుడ్లున్న తొట్టిలో మాత్రం వద్దు, కొన్ని రకాలు గుడ్లు తినేస్తాయి. చెరువు నత్తలు అసలే వద్దు. వాటి నుంచి వెలువడే పరాన్నజీవుల పిల్లలు చేపల ఒంట్లోకి దూరతాయి. ఇప్పుడున్నవాటిని చేత్తో ఏరెయ్యండి. మైలుతుత్తం వేస్తే నత్తలతో పాటు చేపపిల్లలూ పోతాయి, చచ్చిన నత్తలు కుళ్లి మిగిలిన నీరూ చెడుతుంది.

వారం దాటాక ఆర్టీమియా. దీని గుడ్లు డబ్బాల్లో దొరుకుతాయి. లీటరు నీటికి 25 నుంచి 30 గ్రాముల కల్లుప్పు, 26–28 డిగ్రీల వేడి, వెలుతురు, ఆగకుండా గాలి ఉంటే సుమారు 24 గంటల్లో పొదుగుతాయి. గాలి ఆపి పది నిమిషాలుంచితే పెంకులు పైకి తేలతాయి, పిల్లలు అడుగుకు చేరతాయి. వాటిని సన్న గుడ్డలో వడగట్టి, మంచినీటితో కడిగి వెంటనే వేయండి. ఆలస్యమైన కొద్దీ వాటిలో సత్తువ తగ్గుతుంది. మంచినీటిలో కొన్ని గంటలకే చస్తాయి కాబట్టి కొద్దికొద్దిగా వేయాలి. చేపపిల్లల పొట్ట నారింజ రంగుకు తిరిగితే తిన్నట్టే.

ఆర్టీమియా డబ్బా ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. అందుకే పిల్లలు కాస్త ఎదిగాక మొయినాకు, అంటే నీటి ఈగలనే చిన్న మంచినీటి జీవులకు, మారండి. పేడ, వేరుశనగ చెక్క వేసిన తొట్టిలో ఇంట్లోనే పెరుగుతుంది, చేపలు తినేదాకా మంచినీటిలో బతికే ఉంటుంది. మీ వైపు మలేరియా సంగతి తెలిసిందే, ఆ తొట్టికి దోమతెర కట్టండి. కాలువల్లోంచి తెచ్చిన ట్యూబిఫెక్స్ (బురదలో పెరిగే సన్నటి ఎర్ర పురుగులు) పిల్లలకు పెట్టొద్దు.

పిల్లలు ఈదడం మొదలవగానే మగ గౌరామిని తీసేయండి. మూడు నాలుగు వారాల వయసులో ఇవి పైకొచ్చి గాలి పీల్చడం మొదలుపెడతాయి. అప్పుడు చలిగాలి తగలకుండా, ముఖ్యంగా డిసెంబరు రాత్రుల్లో, తొట్టిపై మూత ఉంచండి.