బంగారు తీగ ఎక్కడ పడుతుంది, ఎప్పుడు పడుతుంది

అల్లుడూ,

సునాబెడలో ఉద్యోగానికి కుదురుకున్నావని, ఆదివారాలు కొలాబ్ డ్యామ్ దగ్గర గాలం వేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఒక్క బంగారు తీగ చేప కూడా పడలేదట. ఆ డ్యామ్ గోడ పక్కన ఎలా పడుతుందిరా? అక్కడ నీళ్లు లోతు, దానికి మేత తక్కువ. మూతి బురదలో దూర్చి పురుగులు, నత్తలు ఏరుకుతినే చేప అది. వాగు వచ్చి కలిసే చోట, గడ్డి, నాచు ఉండి లోతు తక్కువున్న అంచుల్లో చూడు. సన్నటి బుడగలు గుంపుగా లేస్తూ నీళ్లు మడ్డిగా అవుతుంటే అక్కడ మేస్తోందన్నమాట. గాలి వచ్చి కొట్టే ఒడ్డున కూర్చో. మేత అటే కొట్టుకొస్తుంది. చాలామంది ఎదురుగాలి పడలేక అవతలి ఒడ్డుకి పోతారు, హాయిగా ఖాళీ సంచితో ఇంటికొస్తారు.

వేళ విషయంలో మన శ్రీకాకుళం చెరువుల లెక్క నువ్వున్న ఒడిశా కోరాపుట్ కొండల మీద పనికిరాదు. పుష్యమాసంలో తెల్లారకట్ల మంచులో వణకొద్దు. నీళ్లు చల్లబడితే దానికి ఆకలి మందగిస్తుంది. ఎండెక్కాక, మధ్యాహ్నం వెళ్లు. ఏప్రిల్, మే నెలల్లో అయితే తెల్లారగానే, లేదా పొద్దు వాలాక. వానల్లో వాగు ఉరవడి కాస్త తగ్గాక ఎర్రనీళ్ల అంచు మంచి చోటు.

శీలావతి, బొచ్చె గుడ్లు పెట్టాలంటే పారే నీళ్లు కావాలి. 1957లో బ్యాంకాక్ నుంచి కటక్‌కి తెచ్చిన ఈ బంగారు తీగ రకానికి ఆ పట్టింపు లేదు, నిలవ నీళ్లలోనే గడ్డికి అంటించి పెట్టేస్తుంది. చలి తగ్గే రోజుల్లో, మళ్లీ వానల్లో, గడ్డిలో గుంపుగా కొట్టుకుంటుంటే వాటి జోలికి పోకు.

ఎరకి వానపాములు చాలు. లేదా చోడిపిండి (రాగిపిండి), వేరుసెనగ చెక్క కలిపి గట్టి ముద్ద చెయ్యి. ఎర నేలకి ఆనాలి. ఇది ఎరని పీల్చి, ఉమ్మి, మళ్లీ పీలుస్తుంది. బెండు ఊగగానే టెన్షన్ పడి లాగేయకు, పక్కకి జరిగి మునిగాక లాగు.

అన్నట్టు, జలాశయాల్లో చేపల హక్కు చాలాచోట్ల మత్స్యకార సంఘాలకి ఉంటుంది. గాలం వేసే ముందు ఒడ్డున పడవవాళ్లని అడుగు, నీకొచ్చిన ఒడియా చాలు. వాళ్ల వలలకి దూరంగా కూర్చో.

మీ మామయ్య
జయపురం