తలుపు వేశాక ఇల్లు వెతుకు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నాలుగు దుకాణాల వెబ్‌సైట్లు చూసుకునే పని ఒప్పుకున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. అన్నీ వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే సైట్లే కాబట్టి, ఈ పనిలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టే దాడి సంగతి ముందే రాస్తున్నాను.

ఈ దాడిలో నీ పాస్‌వర్డ్‌తో ఎవరికీ పని ఉండదు. ప్లగిన్‌లోని, అంటే సైట్‌కు అదనపు పనులు నేర్పే చిన్న ప్రోగ్రాంలోని, లోపాన్ని పట్టుకుని, దారిన పోయేవాడు తనకు తానే సైట్ మీద సర్వాధికారాలూ ఉండే అడ్మినిస్ట్రేటర్ హోదా ఇచ్చుకుంటాడు. 2023 జూన్‌లో, సైట్‌లో సభ్యులను చేర్చుకోవడానికి వాడే అల్టిమేట్ మెంబర్ ప్లగిన్‌లో ఇదే జరిగింది. అప్పటికి అది రెండు లక్షలకు పైగా సైట్లలో ఉంది. రిజిస్ట్రేషన్ ఫారంలో హోదాను నిర్ణయించే విలువను ఎవరూ పంపకుండా దాన్ని రాసినవాళ్లు నిషిద్ధ పేర్ల జాబితా పెట్టారు. అదే పేరులో ఇంగ్లీషు చిన్న అక్షరాలను పెద్ద అక్షరాలుగా మార్చి, స్లాష్ చేర్చి పంపితే జాబితా గుర్తుపట్టలేకపోయింది. వరసగా సవరణలు వచ్చినా 2.6.7 వెర్షన్ వచ్చేదాకా ఆ సందు మూసుకోలేదు. రేపు నువ్వు ప్లగిన్ రాస్తే రాకూడని వాటి జాబితాను నమ్ముకోకు, రావలసినవి మాత్రమే తీసుకో.

2018 నవంబరులో, యూరప్ గోప్యతా చట్టాన్ని పాటించడానికి సైట్లు పెట్టుకునే డబ్ల్యూపీ జీడీపీఆర్ కంప్లయన్స్ ప్లగిన్ ద్వారా చొరబడినవాళ్లు ఇంకా తెలివిగా పనిచేశారు. ఎవరైనా సభ్యులుగా చేరవచ్చన్న టిక్ పెట్టారు, కొత్త సభ్యుల హోదాను అడ్మినిస్ట్రేటర్‌గా మార్చారు, ఖాతా తెరుచుకున్నారు. ఆ వెంటనే రెండు సెట్టింగులనూ యథాస్థానంలో పెట్టేశారు! అందుకే సెట్టింగులు సరిగ్గా ఉన్నాయని నిశ్చింతగా ఉండకు.

నేను ఒక దుకాణం సైట్‌లో ప్లగిన్ అప్‌డేట్ చేసి, ఇక భయం లేదనుకున్నాను. రెండు వారాల తర్వాత యూజర్స్ పేజీ తెరిస్తే, అడ్మినిస్ట్రేటర్ పక్కన 2 ఉండవలసిన చోట 3 ఉంది. హోస్టింగ్ వాళ్ల బ్యాకప్ ఖాతా అనిపించే పేరు. డేటాబేస్‌లో చూస్తే, నేను అప్‌డేట్ చేయడానికి నాలుగు రోజుల ముందే చేరాడు. అప్‌డేట్ తలుపు మూసింది, అప్పటికే లోపల ఉన్నవాడిని బయటికి పంపలేదు. ఆ రెండు వారాలూ దుకాణం ఖాతాదారుల చిరునామాలు, ఫోను నంబర్లు వాడి కళ్ల ముందే ఉన్నాయన్న బాధ నాకు ఇంకా పోలేదు.

కాబట్టి ఇలాంటి లోపం బయటపడిందని తెలిస్తే ఆ రోజే అప్‌డేట్ చేసి, వెంటనే అడ్మినిస్ట్రేటర్ల పేర్లు ఒక్కొక్కటీ దుకాణం యజమానికి చదివి వినిపించు. తెలియని ఖాతాను తీసేయడంతో ఆగకు. నువ్వు పెట్టని ప్లగిన్ ఏదైనా చేరిందేమో, ముఖ్యంగా ఎంయూ-ప్లగిన్స్ (mu-plugins, తప్పనిసరిగా నడిచే ప్లగిన్లు) ఫోల్డర్‌లో చూడు. అందులోవి మామూలు ప్లగిన్ల జాబితాలో కలవవు. పాస్‌వర్డులతో పాటు కాన్ఫిగ్ ఫైలు (wp-config.php) లోని రహస్య కీలు కూడా మార్చు, లాగిన్ అయి ఉన్నవాళ్లందరూ ఒక్కసారిగా బయటికి వస్తారు.

ఈ ఆదివారం నాలుగు సైట్లలోనూ ఎంతమంది అడ్మినిస్ట్రేటర్లు ఉన్నారో కాగితం మీద రాసుకుని నాకు ఫోను చెయ్యి. సాయంత్రం ఇంట్లోనే ఉంటాను.

మీ మామయ్య