‘మీకెలా ఉంది?’ అని రోగిని అడగడం కూడా పరిశోధనేనా?

అవును, పరిశోధనే. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా ఉన్న ఈథన్ బాష్ పని దీనికి మంచి ఉదాహరణ. ఆయన క్యాన్సర్ డాక్టరు, ప్రజారోగ్య విభాగంలో కూడా ప్రొఫెసరే.

కీమో తీసుకునేవాళ్లకి వాంతులు, నొప్పి, ఆయాసం ఎక్కువగా ఇంటి దగ్గరే వస్తాయి. డాక్టరు ముందు కూర్చున్న ఆ కాసేపట్లో సగం గుర్తురావు, మిగతా సగం ‘ఎందుకులే’ అని చెప్పరు. అందుకని బాష్ బృందం న్యూయార్క్‌లో 766 మందితో ఒక ట్రయల్ చేసింది. అందరికీ క్యాన్సర్ వేరే అవయవాలకు పాకిన దశ. ఒక గుంపు 12 లక్షణాల తీవ్రతను కంప్యూటర్లో తామే నమోదు చేసింది. ఏదైనా ముదిరితే వెంటనే నర్సుకు ఈమెయిల్ వెళ్లేది. రెండో గుంపుకు మామూలు వైద్యమే.

జీవన నాణ్యత మెరుగుపడినవాళ్లు మొదటి గుంపులో 34 శాతం, రెండోదాంట్లో 18 శాతం. 2017లో వచ్చిన ఫలితం ఇంకా ఆశ్చర్యం. ఆయుష్షు మధ్యస్థ విలువ (అంటే సగం మంది అంతకన్నా ఎక్కువ కాలం బతికారని) మొదటి గుంపుకు 31 నెలలు, రెండోదానికి 26. కొత్త మందేమీ లేదు, బాధ సంగతి వెంటనే తెలిసిందంతే! ఒకే ఆసుపత్రిలో చేసిన ట్రయల్ అన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

ఇక పేషెంట్ ఎక్స్‌పీరియన్స్, అంటే ఆసుపత్రిలో రోగికి ఎదురైన అనుభవం, పైన చెప్పిన జీవన నాణ్యత కన్నా వేరు. పిలిస్తే నర్సు వచ్చిందా, మందు ఎందుకో చెప్పారా అన్నది అక్కడి ప్రశ్న. అది కొలిచేది ఆసుపత్రి తీరును. జీవన నాణ్యత కొలిచేది మనిషి రోజు ఎలా గడుస్తోందన్నది. ఈ రెండిటినీ చాలామంది కలిపేస్తారు.

అన్నట్టు, ఆ ట్రయల్‌లో ఎక్కువ లాభపడింది అంతకుముందు కంప్యూటర్ అలవాటు లేనివాళ్లే.